వేదనాయకి అమ్మాళ్ పంటిలో ఆడపురుగు

గురువారం మధ్యాహ్నం రెండూ నలభైకి నేను వెళ్ళేసరికి, డాక్టర్ అంబుజం రోగుల పళ్ళు చూసే కుర్చీని కూలివాళ్ళు ఎద్దుల బండి మీదకు ఎక్కించి కొబ్బరితాడుతో కట్టేస్తున్నారు. కుట్టుమిషన్‌లా కాలితో తొక్కే పళ్ళ మర అప్పటికే బండిలో ఉంది. బండి మాత్రం కదలలేదు. డాక్టరమ్మ మీద జాలితో కాదు. గురువారం రాహుకాలం మూడింటిదాకా ఉంటుంది. ఆ వేళలో మా రాజపాళయంలో ఇంట్లో దూరిన పామునైనా వెళ్ళగొట్టరు.

నా పేరు ఆర్. పెరుమాళ్సామి. ఇరవై తొమ్మిదేళ్ళు మిల్లు టైమాఫీసులో గడియారం ముందు కూర్చున్నాను. ఎవడు నాలుగు నిమిషాలు ఆలస్యమయ్యాడో, వాడు చెప్పే కారణంలో ఎన్ని నిమిషాలు అబద్ధమో, గేటు దగ్గర వాడి నడక చూసి చెప్పేవాణ్ణి. రిటైరయ్యాక ఆ విద్యని పాడుపెట్టడం ఇష్టంలేక డిటెక్టివ్ పని పెట్టుకున్నాను. నవ్వేవాళ్ళు నవ్వనీ. పోయిన ఏడాది సత్రపట్టిలో మాయమైన పంపుసెట్టుని పట్టింది పోలీసులు కాదు, నేను.

అంబుజం పరుగున ఎదురొచ్చింది. తళవాయిపురం పిల్ల, ఇరవై ఎనిమిదేళ్ళు, మద్రాసులో పళ్ళ చదువు చదివి ఎనిమిది నెలల కిందట ఈ ఇంటి ముందుగదిలో ఆసుపత్రి పెట్టింది. ఈ చుట్టుపక్కల పళ్ళకి డాక్టరంటే ఆ అమ్మాయి ఒక్కతే.

"మామా, నాలుగు సంగు ఊదే లోపల మీరేమైనా కనిపెట్టకుంటే నేను ఊరికిపోయి ఆవులు కాసుకోవాల్సిందే," అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

సంగు అంటే మిల్లు కూత. నాలుగింటికి అది ఊదగానే షిఫ్టు దిగినవాళ్ళతో వీధి నిండిపోతుంది. అందుకని ఆ లోపలే బండి వీధి దాటాలని ఇంటాయన సీతారామన్ రాజా ఆర్డరు వేశాడు. ఆయన తిన్నె మీద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మా అమ్మ మొహం చూసినావా, పెరుమాళ్సామీ? ఒక పక్క గుమ్మడికాయ అయిపోయినాది. ఈమె సోమవారం పంటిలో ఏందో మరుందు పెట్టి మూసినాది. ఈ రోజు వీక్కం. ఇంకేమి విచారించేది ఉండాది?"

"సోమవారం పెట్టిన మందుకి, వాపు తేవడానికి గురువారం దాకా బస్సు దొరకలేదా, రాజా?"

ఆయనకి కోపం వచ్చింది. రానీ. కోపం వచ్చినవాడు కాసేపు ఆలోచిస్తాడు. డాక్టరమ్మ వైపు తిరిగి, ఏం చేశావో మొదటినించీ చెప్పమన్నాను.

"పీకమంటే రెండు నిమిషాల పని, మామా. అవ్వకి ఉండేదే పదకొండు పళ్ళు. తాంబూలం నమిలేది ఆ పంటితోనే. అందుకే పీకకుండా రూట్ కెనాల్ మొదలుపెట్టినాను. సోమవారం పది గంటలకి పన్ను తెరిచి, లోపల చచ్చిన నరం తీసినాను. మరుందు దూది పెట్టి, పైన సిమెంటుతో మూత వేసినాను. మూడుసార్లు రావాల. వయసైనవాళ్ళకి వేరు లోపలి దారి సన్నబడిపోయి ఉంటాది, తొందరపడితే కుదరదు. ఈ రోజు రెండోసారి."

"వీక్కం వచ్చినాక లోపల చూసినావా?"

"ఎక్కడ చూడనిచ్చినారు? పొద్దున ఏడింటినించి అవ్వ గది గడప తొక్కనియ్యలేదు."

అంటే ఆ పంటి మీద మూత ఉందో లేదో ఈ క్షణానికి ఎవరికీ తెలియదు. ఆ మాట నోటుబుక్కులో రాసుకుని కింద గీత గీశాను.

రెండూ యాభైకి వంటింట్లో కన్నమ్మాళ్‌ని పట్టుకున్నాను. ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళుగా వంట ఆమెదే. వెల్లుల్లి ఒలుస్తోంది, తలెత్తలేదు.

"పెద్దామె సోమవారం నించి ఏమేమి తినింది?"

"సోమవారం గంజి. మంగళవారం మురుకులు. నిన్న మధ్యాన్నం అన్నంలోకి అప్పళం, వేయించిన మిరపకాయ వత్తలు."

"ఏ పక్క నమిలినాది?"

"నేను వంట చేసేదాన్ని. దవడ లెక్క రాసేదాన్ని కాదు."

"నొప్పి అని ఏమైనా..."

"మురుకులు ఇంకా ఉండాయా అని అడిగినాది. అది నొప్పి ఉండేవాళ్ళు అడిగే మాటేనా?"

నిన్న మధ్యాహ్నం భోజనం దాకా పన్ను బాగానే ఉందన్న మాట. ఆ తరవాత ఇంట్లో ఎవరున్నారని అడిగాను. ఎవరూ లేరు. రాజా పత్తి చేనికి పోయినాడు. డాక్టరమ్మ బుధవారం మధ్యాహ్నాలు ఆసుపత్రి మూసి తళవాయిపురం పోతుంది. కన్నమ్మాళ్ అన్నం పెట్టి, ఒంటిగంటకి పిండిమరకి వెళ్ళి, వరస పెద్దదై మూడింటికి వచ్చింది. వచ్చేసరికి పెద్దామె గదినిండా పొగ. అడిగితే దోమలకి వేశానందట.

"మధ్యాన్నం మూడుగంటలకి దోమలా?"

"పెద్దామె చెప్తే దోమలే," అంది కన్నమ్మాళ్, ఇంకో వెల్లుల్లి తీసుకుంటూ.

మూడు కొట్టింది. రాహుకాలం దాటింది. బయట బండివాడు టీ తాగి వస్తానని వెళ్ళాడట. ఈ దేశంలో టీ అనేది లేకపోతే అమాయకులు ఎంతమంది చెడిపోయేవారో.

డాక్టరమ్మని వెంటబెట్టుకుని పెద్దామె గదికి వెళ్ళాను. గడప దగ్గర సీతారామన్ అడ్డం వచ్చాడు. డాక్టరమ్మ మీ అమ్మ నోటి జోలికి పోదు, నా పక్కన ఊరికే నిలబడుతుంది అని మాటిచ్చి లోపలికి దూరాను.

వేదనాయకి అమ్మాళ్‌కి డెబ్భై రెండు. ఎడమ చెంప పైకి తేలి కన్ను సగం మూసుకుపోయింది. నోరు విప్పితే నొప్పి. కాబట్టి మాట లేదు. చేతిలో పోకలు కత్తిరించే అడకత్తెర. అవునంటే మంచం కోడు మీద ఒకసారి కొట్టమన్నాను, కాదంటే రెండుసార్లు. ఒకసారి కొట్టింది, విసుగ్గా.

ముందు గది చూశాను. చాపకింద రెండు విత్తనాలు, గోధుమరంగు, బల్లపరుపుగా. మూలన చెత్తలో బొప్పాయి ఆకు కాడ. కాడ లోపల డొల్ల, ఒక చివర పొగచూరి ఉంది. సగం కొబ్బరి చిప్ప, దానికి బెజ్జం. దోమలకి పొగ వేసేవాళ్ళు గొట్టంపెట్టి వాటి నోట్లో ఊదరు.

మంచం పక్కన తాంబూలం పెట్టె. సున్నం డబ్బా మూత మీద తెల్లటి పలుకులు రాలి ఉన్నాయి. సున్నమా కాదా తెలుసుకోడానికి ఒక పలుకు నాలిక మీద పెట్టుకున్నాను. సున్నమైతే చురుక్కుమంటుంది. ఇది మన్నులాగా ఉంది, కాస్త లవంగం వాసన.

"సున్నం కాదు," అన్నాను, గంభీరంగా.

డాక్టరమ్మ వంగి చూసింది. "కాదు మామా. అది అవ్వ పంటిలో నేను వేసిన సిమెంటు."

నేను కిటికీ దగ్గరకెళ్ళి చాలాసేపు ఉమ్మాను. మంచం మీదనించి అడకత్తెర గలగలలాడింది. ఆ నొప్పిలోనూ ముసలావిడ నవ్వుతోంది.

పరిశోధనలో అవమానాలు మామూలే. పెట్టె అడుగున చెయ్యి పెట్టాను. తలనొప్పి మందు పాత సీసా దొరికింది. దాన్నిండా నీళ్ళు. నీళ్ళలో సన్నటి తెల్లదారం లాంటిది ఒకటి, వంకర తిరిగిన తెల్లటి నలుసులు అయిదు.

"ఇవేమమ్మా? పురుగులా?"

టక్. ఒక్కటే దెబ్బ, గర్వంగా.

"పొడుగుది డాక్టరమ్మ తీసినాదా?"

టక్.

"అయ్యో, అది నరం," అంది అంబుజం. "అవ్వ చూపించమంటే చూపించినాను. ఇంటికి తీసుకుపోతాననింది, దూదిలో చుట్టి ఇచ్చినాను."

నాకు అక్కడే సగం కేసు తెలిసిపోయింది. మా వైపు తాతలనాటినించి పంటినొప్పి అంటే పురుగే. పురుగు తొలుస్తుంది, పన్ను పుచ్చుతుంది. పంటిలోంచి తెల్లటిది ఏది తీసి చూపించినా అది పురుగే. నరమని మద్రాసు చదువు చదివినామె చెప్పినా, ఓహో పురుగుకి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు కాబోలు అనుకుంటారు.

"మిగతా అయిదూ ఎవరు తీసినారు?"

అడకత్తెర ఆగిపోయింది. ముసలావిడ గోడవైపు తిరిగి పడుకుంది. తన మూలంగా ఒక పిల్ల బతుకు బండెక్కుతోందని చెప్పాను. భుజాలు కదిలాయి గాని మొహం తిప్పలేదు. మొండితనం అనుకున్నాను. అది భయమని అరగంట తరవాతగాని తెలియలేదు.

మూడూ ఇరవైకి సేత్తూరు బస్సులో నా ప్రత్యర్థి దిగాడు.

కాళియప్పన్ అంజనం వేసేవాడు. తమలపాకుకి మసి పూసి, అందులో దొంగలని చూసి చెబుతాడు. నేను మూడురోజులు తిరిగి పట్టుకునే దొంగని వాడు మూడు నిమిషాల్లో పట్టేస్తాడు. వాడు పట్టినవాడు ఎప్పుడూ దొంగ కాడు, అది వేరే సంగతి. నిజం ఖాయం చేసుకోడానికి సీతారామనే వాణ్ణి పిలిపించాడు.

"ఓ, గడియారం డిటెక్టివా," అన్నాడు కాళియప్పన్.

"ఓ, మసి డిటెక్టివా," అన్నాను.

వాడు హాల్లో కూర్చుని ఆకు తీశాడు. మసి రాశాడు. కళ్ళు చిట్లించాడు. "తెలస్తా ఉండాది, రాజా. తెల్లకోటు. ఆడమనిషి. చేతిలో ఇనప కొక్కి. ఇప్పుడే ఇల్లు దాటించండి, లేకుంటే పెద్దామె కన్ను పోతాది."

సీతారామన్ నావైపు చూశాడు, ఇంకా ఏమంటావు అన్నట్టు. గడియారం చూశాను. మూడూ ముప్పైరెండు.

"మంచి ఆకు," అన్నాను. "నేను కూడా ఒకటి అడగవచ్చునా? పన్ను కనబడతా ఉండాదా అందులో?"

"బాగా. పైన, ఎడమ పక్క, వెనకది."

"ఎట్ల ఉండాది?"

"ఓట్ట, ఇంత బొక్క. నల్లగా, నోరు తెరుచుకోని ఉండాది."

"డాక్టరమ్మ తెల్లగా మూత వేసినానంటా ఉండాదే. అది కనబళ్ళేదా?"

"మూత ఇంక ఎక్కడిది? అది నిన్ననే పోయినాదే," అన్నాడు కాళియప్పన్, జాలిగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు.

సీతారామన్‌కి ఇంకా అర్థం కాలేదు.

"రాజా, అమ్మ పంటిమీద మూత లేదని మీకు తెలుసునా?"

"తెలియదు. నోరు తెరవలేదు కదా ఆమె."

"డాక్టరమ్మకి ఇరవై నిమిషాల ముందర, నేను సిమెంటు పలుకు నోట్లో పెట్టుకున్నాకనే తెలిసినాది. ఈ ఇంట్లో ఎవరికీ తెలియనిది సేత్తూరు బస్సు దిగినవాడికి, దినంతోసహా ఎట్ల తెలిసినాది?"

"ఆకు మీద మైలో, ఈ మసిలో కనబడినాది," అన్నాడు కాళియప్పన్. గొంతు కొంచెం తగ్గింది.

"సరి. కన్నమ్మాళ్, ఒక పళ్ళెం తీసుకొనిరా. కాగే నీళ్ళు."

వాడు సంచి మీద చెయ్యివేశాడు. నేను అంతకంటే ముందు వేశాను. టైమాఫీసులో దొంగ టోకెన్లు లాక్కున్న చెయ్యి ఇది. సంచిలో గుడ్డమూట, మూటలో నేలవాకుడు విత్తనాలు. చాపకింద దొరికినవీ ఇవీ ఒక్కటే. గుప్పెడు తీసి అందరూ చూస్తుండగా పొగలు కక్కే నీళ్ళలో వేశాను.

కాసేపటికి విత్తనాలు పగిలాయి. ఒక్కొక్కదానిలోంచి వంకర తిరిగిన తెల్లటి మొలక బయటికొచ్చి నీళ్ళలో తేలింది. పళ్ళెంనిండా పురుగులు. లెక్కపెట్టడం నలభై దగ్గర ఆపేశాను.

"రాజా, ఇవి ఎవరి పంటిలోనించి వచ్చినాయి? పళ్ళేనికి పళ్ళు లేవే."

సీతారామన్ పళ్ళెంలోకి వంగి చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు వెనకనించి ఒక గొంతు వినబడింది, నోటినిండా దూది పెట్టుకున్నట్టు. వేదనాయకి అమ్మాళ్ గడపలో నిలబడి ఉంది.

"అయితే నేను చెప్పినా అది మళ్ళీ పుట్టదా?"

"ఏది పుట్టేది, అమ్మా?" అన్నాను.

ఆగి ఆగి, చెంప పట్టుకుని చెప్పింది. డాక్టరమ్మ తీసింది మగపురుగు. నిన్న వీధిలో పోతున్న కాళియప్పన్‌ని పిలిచి చూపిస్తే, దీని జోడీ లోపలే ఉండాది, మగణ్ణి చంపినందుకు పగబట్టి ఉండాది అన్నాడు. మూత తవ్వి, కొబ్బరి చిప్ప కింద విత్తనాలు కాల్చి, బొప్పాయి గొట్టంతో నోట్లోకి పొగపట్టాడు. ఉమ్మితే పళ్ళెంలో అయిదు కనిపించాయి. మూడురోజుల లోపల ఎవరితోనైనా చెబితే అవి మళ్ళీ పుడతాయన్నాడు.

"నువ్వు ఇల్లు విడిచి పోతావని తెలుసును, తల్లీ," అంది అంబుజంతో. "ఎల్లుండి చెప్పి నిన్ను మళ్ళీ పిలవాలనుకున్నాను. నాకు భయమైనాది."

అంబుజం ఏడుస్తూ ఆమె చెయ్యి పట్టుకుంది. "మూత లేకుంటే ఎంగిలంతా వేరులోకి దిగిపోతాది అవ్వా. అదే వీక్కం."

కాళియప్పన్ ఆకు మడిచేశాడు. "ఈమె వచ్చినాక నా దగ్గరికి ఎవరు వస్తా ఉండారు?" అన్నాడు. "పదేళ్ళు పురుగు తీసినవాణ్ణి నేను. ఎనిమిది నెలల్లో ఊరంతా అక్కడ వరస కట్టినారు."

మూడూ నలభైఎనిమిది. సీతారామన్ చెప్పులు వెతుక్కుంటున్నాడు. కారు మాట్లాడతాను, మదురైకి తీసుకుపోతాను అంటున్నాడు. ఆ మాట వినగానే పెద్దామె కన్నమ్మాళ్ భుజం పట్టుకుని వీధిలోకి నడిచింది. ఎవరూ ఆపేలోపల బండి చక్రం మీద కాలుపెట్టి, కన్నమ్మాళ్ వెనకనించి తోస్తే పైకెక్కి, తాడుతో కట్టిన పళ్ళ కుర్చీలో కూర్చుంది.

"మదురై వద్దు, ఏ ఊరూ వద్దు. నా పన్ను నా డాక్టరమ్మ చూస్తాది. బండిని ఎట్ల తోలుతావో తోలు, సీతారామా."

కొడుకుకి కోపం తెచ్చుకోడానికి తీరిక లేదు. అంబుజం అప్పటికే చేతులు కడుక్కుని బండెక్కింది. పడమటి ఎండ సరిగ్గా నోట్లో పడుతోంది. ఆసుపత్రి గదిలో అంత వెలుతురు ఏనాడూ లేదు. చిన్న అద్దం పెట్టి చూసింది. మళ్ళీ చూసింది. తల తిప్పకుండా అడిగింది.

"మామా, అతను దేంతో తవ్వినాడో కనుక్కోండి."

సంచి కుమ్మరించాను. గోనెలు కుట్టే దబ్బనం పడింది, తుప్పుపట్టినది. మొన లేదు.

"మొన లోపల ఉండాది," అంది అంబుజం. "తీస్తాను. ఎద్దుల్ని విప్పమనండి. బండి వెంట్రుకవాసి కదిలినా అది వేరులోకి దిగిపోతాది."

పట్టకారు లోపల పెట్టింది. బండివాడు లేడు, టీ దగ్గరే ఉన్నాడు. నేను గడియారం చూశాను. ఇరవై తొమ్మిదేళ్ళు చూసిన చూపు. మూడూ యాభైతొమ్మిది, పన్నెండు సెకన్లు. ఇవి చేలో దున్నే ఎద్దులు, మిల్లు కూత ఎరగనివి.

"రాజా, సంగు," అన్నాను.

ఆయనకి అర్థమైంది. పట్టుపంచె కట్టిన మనిషి, ఈ వీధిలో తలెత్తి నడిచే మనిషి, ఎద్దుల మధ్యకి దూరి రెండు ముక్కుతాళ్ళూ చేతికి చుట్టుకున్నాడు. నేను చక్రానికి అడ్డంగా కూర్చున్నాను. సంగు ఊదింది. ఎద్దులు తలలు విసిరాయి, సీతారామన్ కాళ్ళు నేల వదిలాయి, ఆయన తాళ్ళు వదల్లేదు. ఊరంత కూత ఆగేదాకా అలాగే వేలాడాడు. బండి కదల్లేదు.

అంబుజం చెయ్యి బయటికి వచ్చింది. పట్టకారు చివర వడ్లగింజంత ఇనుము. వేదనాయకి అమ్మాళ్ నెత్తురూ చీమూ ఉమ్మి, హమ్మయ్య అని వెనక్కి వాలింది. సీతారామన్ ఎద్దుల మధ్యనించే, "కుర్చీ దించండప్పా. ముందుగదిలో పెట్టండి," అన్నాడు.

వీధినిండా మిల్లు జనం, వాళ్ళని చూసి బయటికొచ్చిన ముసలీముతకా. అంబుజం ఇనప ముక్కని ఎండకి ఎత్తి చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"కాళియప్పన్, ఈ తుప్పు సూదితో ఈ వారం ఇంకెవరికి తవ్వినావు? దవడ బిగుసుకుపోయే జన్ని వస్తాది. ప్రాణం పోతాది. దాచకుండా చెప్పు."

వాడు వేళ్ళు మడిచాడు. "పెద్దామెతో కలిపి ఎనిమిదిమందికి, తల్లీ. అందరూ ఈ నాలుగు వీధులవాళ్ళే."

గుంపులో ఒక ముసలాయన చెంపమీద చెయ్యి వేసుకున్నాడు. ఆయన పక్కన ఒకావిడ. ఒకరొకరుగా బండి వెనక వచ్చి నిలబడ్డారు, చెప్పులు విప్పి. అంబుజం వేలితో లెక్కపెట్టింది.

"పెద్దామెతో కలిపి ఏడుగురే. ఎనిమిదో వాళ్ళెవరు?"

కాళియప్పన్ నావైపు చూశాడు. అందరూ వాడు చూసినవైపు చూశారు.

ఫలానా నిమిషానికి నువ్వెక్కడున్నావని ఇరవై తొమ్మిదేళ్ళు జనాన్ని అడిగినవాణ్ణి. మంగళవారం పదకొండూ ఇరవైకి నేను సేత్తూరులో, పన్ను తవ్వించుకుని, నోట్లో బొప్పాయి గొట్టంతో ఉన్నాను. ఆ సాయంత్రం నా తువ్వాల్లో దొరికిన విత్తనాన్ని మా ఆవిడ వేడినీళ్ళలో వేసి నా మొహం ముందు పెట్టకపోతే, ఇప్పటికీ నమ్మేవాణ్ణే.

నేను చెప్పులు విప్పి వరస చివర నిలబడ్డాను.

"నాకు ఆరు వచ్చినాయి, డాక్టరమ్మా," అన్నాను.